పిరికి పిన్ని

ఆస్పత్రిలో ఆవిడను అందరూ పిన్ని అనేవారు. ఆవిడ అటు తిరగ్గానే పిరికి పిన్ని అనేవారు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. ఉన్నమాటే అన్నారు, లేనిది అంటగట్టలేదు కదా అని ఊరుకునేది.

లిఫ్టంటే భయం. ఉరుమంటే భయం. కుక్కల సంగతి అలా ఉంచితే, కుక్కపిల్లలన్నా భయమే. పందొమ్మిదేళ్లుగా ఆస్పత్రిలో పనిచేస్తున్నా, సూదుల ట్రే ఎదురొస్తే గోడకు అతుక్కుపోయి దారిచ్చేది. వెనకనుంచి ఎవరైనా పిలిస్తే ఎగిరిపడేది కాబట్టి, "పిన్నీ, వస్తున్నా, నేనే, వస్తున్నా" అని నాలుగు గుమ్మాల అవతల నుంచే చెప్పుకుంటూ రావడం నర్సులకు అలవాటైపోయింది. కొత్తగా చేరినవాళ్లకు ముందు మందుల బీరువా తాళాలెక్కడుంటాయో చెప్పి, ఆ తర్వాత ఈ సంగతి చెప్పేవారు.

ఆవిడ పని బట్టల గదిలో. ఆ గది రెండో అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమచేతి వైపు ఉండేది. నేలమాళిగలో యంత్రాలు ఉతికి ఆరబెట్టిన దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషను గది పచ్చగుడ్డలు అక్కడికి చేరేవి. చిరిగినవి ఏరి కుట్టేది. మరక పోనివి పక్కన పడేసేది. మిగిలినవి మడతపెట్టి వార్డుల వారీగా దొంతరలు పేర్చేది. ఆ దొంతరల అంచులు ఎంత తిన్నగా ఉండేవంటే, కాలు విరిగి చేరిన తాపీమేస్త్రీ ఒకాయన వాటిని చూసి, "ఈవిడ మా పనిలోకి రావలసింది" అన్నాడట. దుప్పటి మడత ఒక్కరి చేతిమీద అయ్యేది కాదు. అవతలి కొసలు పట్టుకోవడానికి ఇంకొకరు కావాలి. అందుకని ఆ దారిన పోయే ప్రతివాళ్లనూ "కాస్త పట్టుకోమ్మా" అని పిలిచేది. డ్యూటీ దిగిన నర్సులు, తమ మనిషి కోసం వరండాలో కాళ్లు పీకేదాకా నిలబడ్డ బంధువులు, అప్పుడప్పుడు డాక్టర్లు కూడా ఆ కొసలు పట్టుకున్నవాళ్లే. పట్టుకున్నంతసేపూ ఏవేవో చెప్పుకునేవారు. ఆవిడ ఊఁ కొట్టేది.

భయం ఆవిడకు పుట్టుకతో వచ్చింది. చిన్నప్పుడు ఇంట్లో తలా ఒక వైద్యం చేశారు. తండ్రి గదమాయించాడు. అక్క వెక్కిరించింది. మేనమామ ధైర్యం నేర్పుతానని ఎత్తు గోడమీద కూర్చోబెట్టి పక్కకు తప్పుకున్నాడు, పిల్లకు మూడు రోజులు జ్వరం కాసింది. నాయనమ్మ ఒక్కతే ఏ వైద్యమూ చేయలేదు. పిల్ల బిక్కచచ్చిపోయి వంటగదిలోకి వస్తే పక్కన కూర్చోబెట్టుకుని, "ఎక్కడుందే అది?" అని అడిగేది.

"ఏది?"

"భయం. పొట్టలో ఉందా, గొంతులో ఉందా?"

పిల్ల కాసేపు వెతుక్కుని, "గొంతులో" అనేది.

"సరే, ఉండనీ. దాని మానాన అది ఉంటుంది. నువ్వు ఈ బఠానీలు వలిచిపెట్టు."

పొమ్మని ముసలావిడ భయాన్ని ఎప్పుడూ అనలేదు. భయపడొద్దని పిల్లనూ అనలేదు. బఠానీలు వలవడం అయ్యేసరికి భయం పోయేదా అంటే, కొన్నిసార్లు పోయేది, కొన్నిసార్లు పోయేది కాదు. బఠానీలు మాత్రం వలిచి ఉండేవి.

పెళ్లయ్యాక భర్త కూడా ఆ విషయంలో ఆవిణ్ని పెద్దగా సతాయించలేదు. ఆయన సిటీ బస్సు డ్రైవరు, మాట నెమ్మది, నడక నెమ్మది. పిల్లలు కలగలేదు. పొద్దున ఇద్దరూ ఒకేసారి ఇంటికి తాళం వేసి బయల్దేరేవారు. ఆయన డిపోకు, ఆవిడ ఆస్పత్రికి.

ఆస్పత్రి మేనేజరు నిలువెత్తు మనిషి, గొంతు కూడా అంతే. ప్రతి ఆర్నెల్లకూ ఒకసారి సైరన్ మోగించి, నిప్పంటుకుంటే ఏం చేయాలి, నీళ్లొస్తే ఏం చేయాలి అని అందరిచేతా సాధన చేయించేవాడు. కాగితం మీద ఎవరి పని ఏదో ఆయనకు కంఠతా వచ్చు. సైరన్ మోగినప్పుడల్లా పిన్ని చెవులు మూసుకుని గోడవార కూర్చుండిపోయేది. ఒకసారి ఆయన అందరి ముందూ, "నిజంగా ఏదన్నా జరిగితే ముందు ఈవిణ్ని మోసుకుపోవాలి మనం. రోగులు తర్వాత" అన్నాడు. అందరూ నవ్వారు. పిన్నీ నవ్వింది.

వానాకాలం చివర ఒక బుధవారం పొద్దున, ఎగువనున్న రిజర్వాయరు కట్ట తెగింది. పదింటికి ఆస్పత్రి గేటు దగ్గర చీలమండలోతు నీళ్లు. పదకొండయ్యేసరికి కింది అంతస్తులో మంచాలు తేలుతున్నాయి. నేలమాళిగలోని జనరేటరు, బట్టలుతికే యంత్రాలు మునిగిపోయాయి. కరెంటు పోయింది, కాసేపటికి ఫోన్లూ పోయాయి. కింది వార్డుల్లో ఉన్నవాళ్లను వీపుల మీద, కుర్చీల్లో, దుప్పట్లలో పైకి చేరవేశారు. సాయంత్రానికి మొదటి అంతస్తు మెట్ల దాకా నీళ్లు వచ్చి ఆగాయి. రోగులు, వాళ్ల మనుషులు, సిబ్బంది కలిపి నూట పది మంది దాకా రెండో అంతస్తులో ఇరుక్కుపోయారు.

ఆ మొదటి గంటలో పిన్ని ఎక్కడుందో ఎవరికీ తెలియదు. పెద్ద సిస్టరు వెతుక్కుంటూ వస్తే, బట్టల గదిలో అలమరల వెనక, నెత్తిన దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

పెద్ద సిస్టరు కసిరే మనిషి కాదు, అలాగని బుజ్జగించే మనిషీ కాదు. "పిన్నీ, కింది వార్డు వాళ్లందరూ తడిసి ముద్దయి వచ్చారు. ఒంటిమీద పొడిగుడ్డ లేదు. నలభై మంది" అంది.

దుప్పటి కిందనుంచి, "పొట్టలో ఉంది సిస్టరమ్మా" అని వినిపించింది.

"ఏంటి?"

"ఏం లేదు. నలభై అన్నారా? అందులో పెద్దవాళ్లెంతమంది, పిల్లలెంతమంది?"

అలా లేచింది. వణుకు తగ్గి లేచింది కాదు, వణుకుతూనే లేచింది. వణుకుతూనే నలభై మందికి పొడిబట్టలు పంచింది. ఒక బాలింతకు కప్పుతుంటే, ఆవిడ చేతులు చూసి ఆ అమ్మాయే, "నేను కప్పుకుంటాలే పిన్నీ" అంది.

మేనేజరు ఆ రోజంతా ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఎవరు ఎక్కడ పడుకోవాలో, మంచినీళ్లు మేడమీది ట్యాంకు నుంచి ఎలా తేవాలో, బ్రెడ్డు ఎలా పంచాలో, అన్నీ ఆయనే చూశాడు. ఆయన లేకపోతే మొదటిరోజే నలుగురైదుగురు పోయేవారని తర్వాత అందరూ ఒప్పుకున్నారు. ఫోన్లు పోకముందు ఎవరితోనో మాట్లాడాడు కూడా. వార్డు మధ్యలో నిలబడి, "సాయంత్రానికల్లా పడవలొస్తాయి, మాట్లాడాను" అని చెప్పాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

సాయంత్రం పడవలు రాలేదు. "పొద్దున ఆరింటికి తప్పకుండా" అన్నాడు. పొద్దున ఆరింటికి నడవగలిగినవాళ్లందరూ సంచులు సర్దుకుని కిటికీల దగ్గర నిలబడ్డారు. ఎనిమిదైంది, పదైంది. "రెండింటికి హెలికాప్టరు" అన్నాడు. అది ఎలా తెలిసిందని ఎవరూ అడగలేదు. రెండున్నరకు హెలికాప్టరు నిజంగానే వచ్చింది. ఆస్పత్రి మీదుగా వెళ్లిపోయింది. అప్పుడు ఒక రోగి కొడుకు, మంచి మనిషే, వెళ్లి మేనేజరు చొక్కా పట్టుకున్నాడు. "నీ మాట నమ్మి మూడుసార్లు మా అమ్మకి చెప్పాను. ఇంకోసారి ఏమని చెప్పను?" అన్నాడు. మేనేజరు చొక్కా విడిపించుకున్నాడు. తర్వాత మేడమెట్ల మలుపు దగ్గరికి పోయి, గోడకేసి మొహం పెట్టుకుని కూర్చున్నాడు. పిలిస్తే పలకలేదు.

ఆ రెండో రోజు పడవల సంగతి పిన్నినీ చాలామంది అడిగారు. ఆవిడది ఒకటే జవాబు.

"నాకు తెలీదమ్మా. పదకొండింటికి దుప్పట్లు మారుస్తాను. అది తెలుసు."

ఉతికే దారి లేదు. అందుకని మురికివాటిలో నయంగా ఉన్నవి ఏరి, మేడమీద ఎండలో ఆరేయించింది. బాగా పాడైనవి చింపి కట్లకు పీలికలు చేయించింది. పొద్దున మేడమీదికి, పదకొండింటికి మంచాల మీదికి, మధ్యాహ్నం మడతలు. అందుకు చేతులు కావాలి కాబట్టి, ఖాళీగా కనిపించినవాళ్లనల్లా పిలిచింది. బట్టలకు గంజి పెట్టడానికి బట్టల గదిలో రెండు బస్తాల మైదాపిండి ఉంటే, దాన్నే స్పిరిటు స్టవ్వు మీద పలచగా కాచి పిల్లలకు పోశారు. "దుప్పట్లకు పోసే గంజి మాకు పోస్తున్నావు పిన్నీ, ఇక మేమూ బిర్రబిగుసుకుని నిలబడతాం" అన్నాడు కాలికి సిమెంటు కట్టుతో ఉన్న రిటైరైన పోస్ట్‌మాన్. వార్డులో వినిపించిన మొదటి నవ్వు అదే. మూడోరోజుకు జనం పడవల కోసం కాక, పదకొండింటి కోసం చూడటం మొదలుపెట్టారు. ఆలస్యమైతే, "పిన్నీ, పదకొండూ పది అయింది" అని కేకేసేవారు.

ఇదంతా ఆవిడ ఆలోచించి చేసిన పని కాదు. ఆవిడకు వచ్చింది ఆ పనే.

మేనేజరు దగ్గరికి వెళ్లిందీ అందుకే. ఆరిన దుప్పట్లు మేడమీద నుంచి దింపుతుంటే, మెట్లమీద ఆయన అడ్డంగా ఉన్నాడు. అప్పటికి ఇద్దరు డాక్టర్లు, పెద్ద సిస్టరు వచ్చి ఆయనకు ధైర్యం చెప్పిపోయారు. పిన్ని ధైర్యం చెప్పలేదు. దుప్పటి ఒకటి విప్పి, "సార్, ఈ కొస కాస్త పట్టుకోండి" అంది.

ఆయన కదల్లేదు. ఆవిడ వెళ్లలేదు, అలాగే పట్టుకుని నిలబడింది. చివరికి ఆయన కూర్చున్నచోటునుంచే చెయ్యి చాపి పట్టుకున్నాడు. నాలుగు దుప్పట్లయ్యాక లేచి నిలబడ్డాడు. పదో దుప్పటి దగ్గర, "నాకు భయమేస్తోందమ్మా" అన్నాడు.

"ఎక్కడ సార్?"

"ఎక్కడంటే?"

"పొట్టలోనా, గొంతులోనా?"

ఆయన ఆవిణ్ని వింతగా చూశాడు. వెటకారం కాదని తెలుసుకున్నాక, "ఇక్కడ" అని ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నా నోట్లోంచి ఇంకో అబద్ధం వస్తుందేమోనని భయం. తెలీదని చెప్పడం నాకు చేతకాలేదు."

"చెప్పి చూడండి. ఏం కాదు. వాళ్లకీ తెలీదు కదా."

ఆ సాయంత్రం ఆయన వార్డులోకి వచ్చి, "ఎప్పుడొస్తారో నాకు తెలీదు. నీళ్లు మూడు రోజులకు సరిపోతాయి, పొదుపుగా వాడితే నాలుగు. అది లెక్క చూశాను" అని చెప్పాడు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. చొక్కా పట్టుకున్నతను వచ్చి బిందె అందుకున్నాడు.

పిన్నికి తన గొడవ తనకుంది. భర్త నడిపే బస్సు ఏటిగట్టు రోడ్డు మీదుగా పోయేది. బుధవారం పొద్దున ఆయన డ్యూటీలోనే ఉన్నాడు. రెండురోజులు ఆ మాట ఎవరికీ చెప్పలేదు, అంటే తనకు తానూ చెప్పుకోలేదు. మూడోరోజు మధ్యాహ్నం పోస్ట్‌మాన్ మంచం మీద దుప్పటి మారుస్తూ, మారుస్తూ ఆగిపోయింది.

"ఏంటమ్మాయ్?" అన్నాడాయన.

"మా ఆయన గట్టు రోడ్డు బస్సు నడుపుతారు బాబాయ్."

ఆయన ఏం కాదులే అనలేదు. ముప్పై ఏళ్లు ఆ వీధులన్నీ తిరిగినవాడు. మంచం మీద లేచి కూర్చుని, "మొదటి ట్రిప్పు ఎన్నింటికి?" అని అడిగాడు. తొమ్మిదింపావుకు డిపోలో బయల్దేరుతుందని చెప్పింది. ఆయన వేళ్ల మీద స్టాపులు లెక్కబెట్టుకుంటూ పోయాడు. పాలకేంద్రం, పాత స్కూలు, మిల్లు గేటు. మిల్లు గేటు దాటితే రోడ్డు దిగువకు పోతుంది.

"పదింటికి మిల్లు గేటుకు ఇవతల ఉంటే బతికినట్టే. అవతలుంటే చెప్పలేను" అన్నాడు.

"ఇవతలుండే అవకాశం ఎంత?"

"సగం. ఆ గేటు దగ్గర లారీలు అడ్డం వస్తే సగానికి కొంచెం ఎక్కువ."

పిన్ని ఆ మంచం పట్టె మీదే కూర్చుని పెద్దగా ఏడ్చింది. ముసలాయన ఆవిడ ఏడుపు ఆపే ప్రయత్నం చేయలేదు. పక్క మంచాలవాళ్లు ఇద్దరు లేచి వచ్చి, మిగిలిన దుప్పట్లు వాళ్లే వేశారు. సగం అన్న మాటను పట్టుకునే ఆవిడ తర్వాతి రెండు రోజులూ గడిపింది. ఎవరైనా తప్పకుండా బతికే ఉంటాడంటే ఆవిడకు చిరాకేసేది.

నాలుగోరోజు పొద్దున ఊపిరితిత్తుల జబ్బు ముసలాయన ఒకరు పోయారు. ఆక్సిజన్ సిలిండర్లు ముందురోజే అయిపోయాయి. ఆయన భార్య చెయ్యి వదలకుండా కూర్చుంది, కప్పడానికి ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. పిన్ని తన గదిలో అడుగు అరలో విప్పకుండా దాచిన కొత్త దుప్పటి తెచ్చి పక్కన పెట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నమైంది. ముసలావిడ అప్పుడు దాన్ని తడిమి, "కొత్తదా?" అని అడిగింది.

"కొత్తదేనమ్మా. ఎవరికీ వాడలేదు."

"అయితే కప్పు" అంది. ఇద్దరూ కలిసి కప్పారు. ఆ రోజు పదకొండింటికి దుప్పట్లు మార్చింది మేనేజరు.

ఐదోరోజు, ఆదివారం మధ్యాహ్నం, పడవలు వచ్చాయి. మొదటి అంతస్తు కిటికీ నుంచి పడవకు బల్ల వేసి ఒక్కొక్కరినే దింపారు. పిన్ని వంతు వచ్చేసరికి పని ఆగిపోయింది. బల్ల ఎక్కనంది.

"ఐదు రోజులు ఇంతమందిని చూసుకున్నావు. ఇది నాలుగడుగుల బల్ల" అంది పెద్ద సిస్టరు.

"అది వేరు, ఇది వేరు సిస్టరమ్మా. కింద నీళ్లున్నాయి."

అరగంట పట్టింది. చివరికి కళ్లు మూసుకుని, బల్లమీద కూర్చుని, చిన్నపిల్లలా జరుగుతూ జరుగుతూ దిగింది. పడవ నడిపే అతనికి ఆ ఐదు రోజుల సంగతీ తెలియదు కాబట్టి, "ఇంత పిరికిమనిషి లోపల ఎలా ఉందండీ?" అని అడిగాడు. పెద్ద సిస్టరు జరిగి ఆవిడకు తన పక్కన చోటిచ్చింది.

మిట్టమీద ఉన్న కాలేజీలో శిబిరం పెట్టారు. గేటు దగ్గరే భర్త కనిపించాడు. మిల్లు గేటు దగ్గర లారీ ఒకటి నిజంగానే అడ్డం వచ్చింది. నీళ్లు చూసి ఆయన ముప్పై మందితో ఉన్న బస్సును అరకిలోమీటరు వెనక్కి నడుపుకుంటూ మిట్ట ఎక్కించాడు. ఐదు రోజులుగా వచ్చే ప్రతి పడవ దగ్గరికీ వెళ్లి చూస్తూనే ఉన్నాడు. "వచ్చావా" అన్నాడు. "వచ్చాను" అంది.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. పేపర్లో ఆవిడ ఫొటో వేసి, ధైర్యానికి మారుపేరు అని రాశారు. ఆరోగ్యశాఖవాళ్లు ప్రశంసాపత్రం ఇచ్చారు. పిరికి పిన్ని అన్నవాళ్లే ధైర్యం పిన్ని అనడం మొదలుపెట్టారు. ఆస్పత్రిని తాత్కాలికంగా ఒక గోదాములోకి మార్చారు. పిన్ని అక్కడ పనిలోకి వెళ్లింది. ఇంట్లో బురద కడిగింది, పాడైన పరుపులు పారేసింది. నలభై రోజులు అంతా మామూలుగానే ఉంది.

నలభై ఒకటో రోజు, గోదాము వెనక ఎవరో కొళాయి కింద బకెట్టు పెట్టి మరిచిపోయారు. బకెట్టు నిండి నీళ్లు పొర్లిన చప్పుడు విని, పిన్ని చేతిలో గుడ్డతో సహా కింద కూలబడింది. ఇంటికి రిక్షాలో తీసుకొచ్చారు. ఆ తర్వాత ఆవిడ మంచం దిగలేదు. ఒంట్లో జబ్బేమీ లేదన్నారు. స్నానానికి నీళ్ల చప్పుడు పడదు. వాన మబ్బు పడితే తలుపులు వేయించేది. తినేది కాదు.

చూడ్డానికి వచ్చినవాళ్లు మంచిమాటలే చెప్పారు. "అంతటి ధైర్యవంతురాలివి, నువ్వే ఇలా అయితే ఎలా?" అన్నారు. భర్త కూడా, పాపం ఆయనకు తోచినట్టు, "ఐదు రోజులు నిలబడ్డావు, ఇదెంత?" అన్నాడు. ఆ మాట విన్న ప్రతిసారీ ఆవిడ గోడవైపు తిరిగి పడుకునేది. అదివరకైతే భయమేస్తోంది అంటే అందరూ నవ్వేవారు, నవ్వినా వినేవారు. ఇప్పుడు ఆ మాట చెప్పుకోవడానికి మనిషి లేకుండా పోయాడు. ప్రశంసాపత్రం గోడ మీద ఉంది. ఒకరోజు భర్తను పిలిచి దాన్ని తీసేయమంది. ఆయన ఎందుకని అడగకుండా తీసి బీరువాలో పెట్టాడు.

రెండు నెలలకు మేనేజరు వచ్చాడు. ఆయన ఆ పదవి వదులుకుని రికార్డుల విభాగానికి మారిపోయాడు. మనిషి సగమయ్యాడు. గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్నాడు.

"నేనొక డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను పిన్నీ, మంగళవారాలు. మనసు డాక్టరు. నాకు మెట్లెక్కాలంటే కాళ్లు ఆడటం లేదు. ఇంట్లో వాళ్లకు చెప్పలేదు" అన్నాడు. "ఒక్కణ్నే పోవాలంటే సగం దారిలో వెనక్కి వచ్చేస్తున్నాను. తోడొస్తావా?" అన్నాడు.

ఆవిడను డాక్టరు దగ్గరికి పంపించడానికి ఆయన వేసిన ఎత్తు అది అని తర్వాత కొందరు అన్నారు. కాదు. ఆయనకు నిజంగానే తోడు కావాలి. అది ఆయన మొహం చూసి పిన్నికి తెలిసింది. ఎత్తు వేసి ఉంటే ఆవిడ కదిలేది కాదు.

మొదటి మంగళవారం బయల్దేరడానికి రెండు గంటలు పట్టింది. భర్త సెలవు పెట్టి బస్సు దాకా దిగబెట్టాడు. మూడు వారాలు పిన్ని డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చుంది. నాలుగో వారం మేనేజరు బయటికి రాగానే, లేచి తానే లోపలికి వెళ్లింది. లోపల ఆ డాక్టరమ్మ పెద్దగా మాట్లాడలేదట. నీళ్ల గురించి అడిగి, పిన్ని చెప్తుంటే గంటసేపు విన్నదట. ఇంటికొచ్చాక భర్తతో, "నాకింకా భయంగానే ఉందండీ. ఐదు రోజులు నిలబడ్డానని అనకండి నాతో" అంది. ఆయన సరేనన్నాడు. మళ్లీ అనలేదు.

పనిలోకి తిరిగి వెళ్లడానికి ఏడు నెలలు పట్టింది. ముందు పూటపని, తర్వాత మామూలుగా. ఆస్పత్రి తిరిగి పాత భవనంలోకి మారాక బట్టలుతికే యంత్రాలను మేడమీద పెట్టారు. వాటి చప్పుడు వినలేనంటే పెద్ద సిస్టరు బట్టల గదిని అవతలి చివరికి మార్పించింది. అక్కడ ఇంకో పన్నెండేళ్లు పనిచేసింది. వాటిలో రెండు వానాకాలాలు మళ్లీ మంచం పట్టింది. మళ్లీ లేచింది. మేనేజరు మంగళవారాలు రెండేళ్లు నడిచాయి. ఆయన మెట్లెక్కడం మొదలుపెట్టాడు గానీ, ఆ మేడమెట్ల వైపు మాత్రం వెళ్లలేదు.

వరద వచ్చిన మరుసటేడు, విశ్వవిద్యాలయం నుంచి ఒక అమ్మాయి కాగితాలు పట్టుకుని వచ్చింది. ఆపదలో కొందరు నిలబడతారు, కొందరు కుంగిపోతారు, ఎందుకని తెలుసుకోవాలట. మీ మనోబలానికి ముఖ్య కారణం ఏది అని అడిగి, నాలుగు జవాబులు చదివింది. నమ్మకం, కుటుంబం, శిక్షణ, స్వభావం. ఒకదానికి టిక్కు పెట్టాలి.

"నేను నిలబడ్డానా కుంగిపోయానా? ముందు అది చెప్పమ్మా" అంది పిన్ని.

ఆ అమ్మాయి కాగితాలు తిరగేసింది. అలాంటి గడి లేదు.

పిన్ని టీ పెట్టి తెచ్చి, పెద్ద సిస్టరు నలభై మంది అనడం గురించి, పోస్ట్‌మాన్ వేళ్ల మీద స్టాపులు లెక్కపెట్టడం గురించి, మేనేజరు గురించి, కొత్తదా అని అడిగిన ముసలావిడ గురించి చెప్పుకుంటూ పోయింది. అమ్మాయి కలం పక్కన పెట్టి వింది. లేవబోతూ, "మేనేజరుగారు అంత గట్టి మనిషి కదా, ఆయనే అందరికంటే ముందు ఎందుకు కుంగిపోయారంటారు?" అని అడిగింది.

"గట్టి మనిషేనమ్మా. నాకు రోజూ భయపడటం అలవాటు. పాపం సారుకి అదే మొదటిసారి" అంది.

అమ్మాయి ఆ మాటను కాగితం వెనకవైపు రాసుకుంది. గడులన్నీ ఖాళీగానే వెళ్లాయి.

ఇప్పుడు పిన్నికి అరవై నాలుగు. భర్త కూడా రిటైరయ్యాడు. పెద్ద సిస్టరుకు మోకాళ్లు నొప్పులు, ఇల్లు కదలదు. పిన్ని వారానికోసారి ఆవిణ్ని చూడ్డానికి వెళ్తుంది. ఏటి మీద కొత్తగా కట్టిన వంతెన మీదుగా పోతే పన్నెండు నిమిషాలు. ఊరు చుట్టి పోతే నలభై. బస్సు వంతెన ఎక్కేముందు స్టాపులో పిన్ని దిగిపోతుంది, భర్తా దిగుతాడు. వెనకాల వచ్చే చుట్టుదారి బస్సు కోసం ఇద్దరూ నీడలో నిలబడతారు. కండక్టరుకు ఇది మామూలే, మీరు దిగాల్సింది ఇక్కడ కాదని చెప్పడం కూడా మానేశాడు.